రోగి పడక, వార్డు రిజిస్టరు

విలియం ఆస్లర్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం

ఆస్పత్రిలో కత్తి అవసరం లేని, ఏ ఒక్క అవయవానికీ ఇంకా అంటగట్టలేని బాధలతో వచ్చే పెద్దలందరినీ ముందుగా చేర్చుకునేది జనరల్ మెడిసిన్ విభాగం. పది రోజులుగా తగ్గని జ్వరం, కారణం తెలియని ఆయాసం, కాళ్లకూ ముఖానికీ నీరు పట్టడం, ఉన్నట్టుండి మాట తడబడటం, పాముకాటు, పురుగుమందు, అదుపు తప్పిన షుగరు, వీటన్నిటికీ తొలి మజిలీ ఆ వార్డే. గుండెకొకరు, మూత్రపిండాలకొకరు, నరాలకొకరు చొప్పున నిపుణులు పెరిగిన ఈ కాలంలో కూడా, రోగి బాధ ఎవరి పరిధిలోకి వస్తుందో, ఒకేసారి మూడు నాలుగు జబ్బులున్న మనిషికి ముందుగా దేనికి మందు పడాలో, గుండె కోసం రాసిన మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుందేమో చూసుకుని, ఆ రోగి విషయంలో చివరి మాట చెప్పవలసిన బాధ్యత జనరల్ ఫిజీషియన్‌దే. అయినా ఆ పని గురించి ప్రజలకు తెలిసింది తక్కువ. ఆపరేషన్ చేసిన చేయి అందరికీ కనిపిస్తుంది గానీ, ఆలోచించి వద్దనుకున్న చికిత్స ఎవరికీ కనిపించదు. ఆ పని ఎటువంటిది, దానికి వైద్యులను సిద్ధం చేసే చదువు ఎక్కడ పుట్టింది, ఒక్కొక్క రోగి దగ్గర సంపాదించిన ఆ తెలివిడి ఒక ప్రాంతం మొత్తానికి ఎట్లా ఉపయోగపడుతుంది అన్నవే ఇక్కడ విచారణకు తీసుకున్న అంశాలు.

విలియం ఆస్లర్ పేరున ఈ మాటలు చెప్పడానికి తగిన కారణం ఉంది. 1849 జూలై 12న కెనడాలోని ఆంటారియోలో, బాండ్ హెడ్ అనే ఊళ్లో ఒక మతబోధకుడి ఇంట పుట్టి, మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో 1872లో వైద్యపట్టా పుచ్చుకుని, మాంట్రియల్‌లో, ఫిలడెల్ఫియాలో, బాల్టిమోర్‌లో, చివరకు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా ఉండి, 1919 డిసెంబర్ 29న కన్నుమూసిన ఈ వైద్యుడు కొత్త మందేదీ కనిపెట్టలేదు. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు వేళ్ల కొసల్లో లేచే నొప్పి బొడిపెలను ఇప్పటికీ ఆస్లర్ నోడ్స్ అనే పిలుస్తున్నప్పటికీ, అటువంటి గుర్తింపులను ఆయన పెద్దగా లెక్కపెట్టలేదు. విద్యార్థులను వార్డులోకి తీసుకువెళ్లి రోగుల దగ్గర పాఠం చెప్పడమే తన జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ మిన్న అని, తన సమాధి మీద రాయడానికి ఆ ఒక్క మాట చాలునని ఆయన తలచారు. ఈనాడు కర్నూలులో గానీ కాకినాడలో గానీ ఒక హౌస్ సర్జన్ రోగి మంచం పక్కన నిలబడి కేస్ షీటు చూసి పెద్దడాక్టరుకు రోగి కథ అప్పజెప్పుతున్నాడంటే, అది ఆయన స్థిరపరచిన ఆచారానికి కొనసాగింపే.

అయితే రోగి దగ్గర చదువు ఆస్లర్‌తో మొదలు కాలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హెర్మన్ బోయర్‌హావే 18వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పన్నెండు పడకల చిన్న వార్డులో పాఠం చెప్పగా, దానిని వినడానికి యూరప్ నలుమూలల నుంచీ విద్యార్థులు వచ్చేవారు. 1761లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ రోగి రొమ్ము మీద వేళ్లతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి లోపల గాలి ఉందో నీరు చేరిందో తెలుసుకునే పద్ధతిని ప్రకటించారు. ఆయన తండ్రి పూటకూళ్ల సత్రం నడిపినవాడు కావడం వల్ల, పీపాల్లో సారాయి ఎంతవరకు ఉందో తట్టి చూసుకునే అలవాటే ఆ ఊహకు మూలమని చెబుతారు. దాదాపు యాభై ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోని ఆ పద్ధతిని, నెపోలియన్ ఆస్థాన వైద్యుడు కోర్విసార్ 1808లో ఫ్రెంచిలోకి అనువదించి లోకానికి తెలియజేశారు. ఆయన శిష్యుడు లెన్నెక్ పారిస్‌లోని నెకెర్ ఆస్పత్రిలో 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండెకు ఆనించి విని, దాన్నుంచి స్టెతస్కోపును రూపొందించి, 1819లో తన గ్రంథం వెలువరించారు. లెన్నెక్ గొప్పతనం ఆ గొట్టంతో ఆగిపోలేదు. బతికుండగా విన్న ప్రతి శబ్దాన్నీ రాసి ఉంచుకుని, ఆ రోగి చనిపోతే శరీరాన్ని కోసి చూసి, ఏ శబ్దానికి ఊపిరితిత్తిలో ఏ మార్పు కారణమో జతపరచడం ఆయన అసలు సాధన. అదే నగరంలో పియెర్ లూయీ రోగులను లెక్కపెట్టడం మొదలుపెట్టి, న్యుమోనియాకు రక్తం తీయడం వల్ల ఒరిగేది ఏమంత లేదని అంకెలతో చూపించారు. వినడం, తట్టి చూడడం, తప్పొప్పులు శవపరీక్షలో సరిచూసుకోవడం, లెక్కపెట్టడం అనే ఈ నాలుగూ కలిసిన చోట ఆధునిక ఆస్పత్రి వైద్యం నిలదొక్కుకుంది.

ఆస్లర్ ఈ నాలుగింటినీ తన చేతులతో అభ్యసించారు. మాంట్రియల్ జనరల్ ఆస్పత్రిలో దాదాపు 800 శవపరీక్షలు స్వయంగా చేసి, రోగి బతికుండగా వైద్యులు ఏమనుకున్నారో, నిజానికి లోపల ఏముందో పక్కపక్కన పెట్టి చూసుకున్న అనుభవమే ఆయన వార్డు విద్యకు పునాది. 1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి తెరిచినప్పుడు వైద్య విభాగానికి అధిపతి అయిన ఆయన, 1893లో అక్కడ వైద్య కళాశాల మొదలైన తరువాత, విద్యార్థులకు కొన్ని పడకలు అప్పగించే విధానాన్ని అమలుచేశారు. తనకు అప్పగించిన రోగి కథ రాబట్టి రాయడం, మూత్రమూ రక్తమూ స్వయంగా పరీక్షించడం, రోజురోజు మార్పులు నమోదు చేయడం, రౌండ్సులో వాటిని వివరించి నిలబడడం విద్యార్థి విధులయ్యాయి. అప్పటిదాకా అమెరికాలో చాలా చోట్ల, వార్డు గడప తొక్కకుండానే ఉపన్యాసాలు విని డాక్టరైపోయినవారికి కొదవ లేదు. తప్పొప్పులు సరిచూసుకునే ఆయన నిజాయితీకి 1892లో వెలువడిన ఆయన వైద్యగ్రంథం కూడా నిదర్శనమే. ఏ జబ్బుకు తెలిసిన చికిత్స ఏమీ లేదో ఆ గ్రంథం దాచకుండా చెప్పింది. 1897 వేసవిలో దాన్ని ఆసాంతం చదివిన ఫ్రెడరిక్ గేట్స్ అనే రాక్‌ఫెల్లర్ సలహాదారు, వైద్యానికి నిజంగా లొంగే జబ్బులు ఎంత తక్కువో గ్రహించి, పరిశోధనకు ధనం వెచ్చించమని యజమానిని ఒప్పించగా, 1901లో రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థ ఏర్పడింది. తెలియదని ఒప్పుకున్న పుస్తకం ఒక పరిశోధనాలయాన్ని కట్టించిందన్న ఈ సంగతిని వైద్య విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే చెప్పడం మంచిది.

తెలుగు ప్రాంతాలకు ఈ చదువు రెండు దారుల్లో వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో 1846లోనే వైద్య పాఠశాల మొదలై, ఉర్దూలో బోధన జరిగింది. అదే తరువాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. ఆంధ్ర జిల్లాల విద్యార్థులు చాలాకాలం మద్రాసు వైద్య కళాశాలకే వెళ్లవలసి వచ్చి, 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాలా, దానికి అనుబంధంగా కింగ్ జార్జ్ ఆస్పత్రీ ఏర్పడ్డాక ఆ కొరత కొంత తీరింది. గుంటూరు, హైదరాబాదు గాంధీ, కర్నూలు, కాకినాడ, వరంగల్, తిరుపతి కళాశాలలు 1946 నుంచి 1960 మధ్య వచ్చాయి. వీటన్నిటిలోనూ వార్డు విభజన ఒకే తీరులో ఉంటుంది. జనరల్ మెడిసిన్ విభాగం కొన్ని యూనిట్లుగా చీలి, ఒక్కొక్క యూనిట్‌కు ఒక ఆచార్యుడు అధిపతిగా, ఆయన లేదా ఆమె కింద ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, మూడేళ్ల ఎండీ చదువుతున్న పీజీలు, వారి కింద హౌస్ సర్జన్లు పనిచేస్తారు. వారంలో ప్రతి యూనిట్‌కూ ఒక ఓపీ రోజు ఉంటుంది, అదే అడ్మిషన్ రోజు కూడా. ఆ రోజు ఉదయం నుంచి మరునాటి ఉదయం దాకా మెడికల్ కేసుగా క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి మనిషీ ఆ యూనిట్ రోగే. మంచాలు నిండితే రెండేసి మంచాల మధ్య చాప వేసి పడుకోబెట్టవలసి వచ్చినా, చేర్చుకోము అనడానికి పెద్దాస్పత్రికి వీలుండదు. ఆ రాత్రి నిర్ణయాల్లో ఎక్కువ భాగం మొదటి, రెండవ సంవత్సరం పీజీలవే అన్నది ఆస్పత్రి గోడల లోపల అందరికీ తెలిసిన విషయం. ఆ బాధ్యత బరువు మోసిన రాత్రులే వారిని ఫిజీషియన్లను చేస్తాయి. అయితే ఆ రాత్రి పెద్దలు అందుబాటులో ఉండడం, మరునాడు ఆ నిర్ణయాలను ఓపికగా సమీక్షించడం జరిగినప్పుడే అది చదువు అవుతుంది. లేకుంటే చాకిరీగా మిగులుతుంది.

పీజీ మొదట నేర్చుకోవలసింది రోగి కథ రాబట్టడం. పరీక్షలూ స్కానింగులూ ఇంతగా పెరిగాక కథ వినడం పాతకాలపు ముచ్చట అనుకునేవారికి, 1975లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనాన్ని గుర్తుచేయవచ్చు. హాంప్టన్, ఆయన సహచరులు మెడికల్ ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగులను తీసుకుని, రెఫరల్ ఉత్తరం చదివి కథ విన్న వెంటనే వైద్యులు ఏ జబ్బనుకున్నారో, శరీరం పరీక్షించాక ఏమనుకున్నారో, ల్యాబ్ ఫలితాలు వచ్చాక ఏమనుకున్నారో విడివిడిగా రాయించారు. 66 మందిలో కథ విన్నప్పుడు అనుకున్నదే చివరికీ నిలిచింది. శరీర పరీక్ష ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షలు మరో ఏడుగురిలో మాత్రమే నిర్ణయాన్ని మార్చాయి. స్కానింగ్ యంత్రాలు ఇంటింటి మాట అయిన ఈ రోజుల్లో ఆ నిష్పత్తి కొంత మారి ఉండవచ్చు గానీ, ఏ స్కానింగ్ చేయించాలో చెప్పేది ఇప్పటికీ కథే.

తెలుగు వార్డులో కథ రాబట్టడం వట్టి ప్రశ్నల జాబితాతో తేలేది కాదు. రోగిని అడిగితే కొడుకు జవాబు చెబుతాడు, కోడలిని అడిగితే అత్త చెబుతుంది. ఆయాసంతో వచ్చిన రైతును ఎన్ని మెట్లు ఎక్కగలవని అడిగితే మెట్లున్న ఇల్లే లేదంటాడు. చేను గట్టు దాకా ఆగకుండా నడవగలుగుతున్నావా, నిరుడు ఇదే పనికి ఇంత ఆయాసం ఉండేదా, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నావా, నిద్రలో లేచి గాలి కోసం బయటికి వెళ్లి కూర్చుంటున్నావా అని అడిగినప్పుడు, ఎడమ గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న తీరు ఆ జవాబుల్లోనే బయటపడుతుంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆరెంపీ దగ్గర ఎన్నాళ్లుగా సూదులు వేయించుకుంటున్నారో, ఆ సూదులు వేయించుకున్నాక ముఖం ఉబ్బిందా, ఆకలి పెరిగిందా అని అడిగితే గానీ, స్టెరాయిడు మందులు ఉన్నట్టుండి ఆపేయడం వల్ల బీపీ పడిపోయి వచ్చిన రోగి విషయం తేలదు. అడ్రినల్ గ్రంథి బయటి మందుకు అలవాటుపడి, తన పని తాను మానుకోవడం దీనికి కారణం. ఇది తట్టని వైద్యులు ఎన్ని సెలైన్ బాటిళ్లు ఎక్కించినా బీపీ నిలవదు. తట్టినవారు ఇచ్చే ఒక్క హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షనుతో గంటల్లో మనిషి తేరుకుంటాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా రెండు మూడు ప్రశ్నలే.

ఈ వార్డులో ఫిజీషియన్ నైపుణ్యం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది పురుగుమందు కేసులో. ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందులు శరీరంలోకి వెళితే, నరాల సందేశం కండరానికో గ్రంథికో చేరాక ఆ సందేశ రసాయనమైన అసిటైల్‌కోలిన్‌ను తుడిచివేసే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. దాంతో రసాయనం పోగుపడి నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత చిన్నవై, ఊపిరితిత్తులు స్రావాలతో నిండి, గుండె వేగం పడిపోయి, కండరాలు చర్మం కింద అదురుతూ కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా వాడే అట్రోపిన్ ఎంత ఇవ్వాలో పుస్తకం చెప్పలేదు, రోగి శరీరమే చెప్పాలి. తొలి మోతాదు వేసిన వైద్యులు ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, స్రావాల చప్పుడు తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేసి, మళ్లీ ఐదు నిమిషాలకు మళ్లీ విని, ఇట్లా ఊపిరితిత్తులు పొడిబారి, నాడి ఎనభై దాటి, బీపీ నిలదొక్కుకుని, చంకలో చెయ్యి పెట్టి చూస్తే తడి తగలని స్థితి వచ్చేదాకా మంచం పక్కనుంచి కదలకూడదు. ఆ తరువాత డ్రిప్పులో నిలకడగా మందు నడిపించాలి. మోతాదు ఎక్కువైతే రోగి అసంబద్ధంగా మాట్లాడుతూ, గాలిలో దేన్నో పట్టుకోబోతున్నట్టు చేతులాడిస్తూ, జ్వరంతో కడుపుబ్బరంతో మరో ప్రమాదంలో పడతాడు. ఒక్కరికే ఇంత కాపలా కావలసిన చోట, ఒకే రాత్రి అటువంటి కేసులు మూడు వస్తే వార్డు పరిస్థితి ఊహించుకోవచ్చు.

ప్రమాదం అక్కడితో ముగియదు. తొలి రోజు గండం గడిచి, రోగి మాట్లాడుతూ, ఇంటివారు ఊపిరి పీల్చుకున్నాక, రెండో రోజునో మూడో రోజునో ఊపిరి ఆగిపోయిన మరణాలను చాలాకాలం విధి అనే అనుకునేవారు. శ్రీలంకకు చెందిన నిమల్ సేననాయకే, లక్ష్మణ్ కరళ్లియద్ద 1987లో పదిమంది రోగుల వివరాలతో ప్రచురించిన పరిశీలన దీనికి రూపు ఇచ్చింది. విషం తీసుకున్న 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలూ, భుజాల, తుంటి దగ్గరి కండరాలూ, ఊపిరి ఆడించే కండరాలూ బలహీనపడతాయి. అట్రోపిన్ దీన్ని ఆపలేదు, వేళకు వెంటిలేటర్ మీద పెట్టడమే మార్గం. ముందుగా పసిగట్టే ఉపాయం మాత్రం ఏ పరికరమూ అక్కర్లేనిది. రోగిని దిండు మీదినుంచి తల ఎత్తమని అడగడమే. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే వెంటనే ఐసీయూకు మార్చాలి. దక్షిణాసియా మెడిసిన్ వార్డులు ప్రపంచ వైద్యానికి ఇచ్చిన కానుకల్లో ఇదొకటి. ఇది ప్రయోగశాలలో పుట్టలేదు, రోజూ రౌండ్సులో అదే రోగి దగ్గర మళ్లీ ఆగి చూసిన కళ్లకు దొరికింది.

ఇక్కడినుంచి విచారణ రోగి పడకను దాటి రిజిస్టరులోకి వెళ్లాలి. వరంగల్ మహాత్మా గాంధీ మెమోరియల్ ఆస్పత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందుల విషప్రభావంతో చేరిన 8,040 మంది వివరాలను వైద్యులు కూడగట్టి 2005లో ప్రచురించారు. వారిలో 22.6 శాతం మంది, అంటే ప్రతి తొమ్మిదిమందిలో ఇద్దరు చనిపోయారు. 1999, 2000 సంవత్సరాల వివరాలను మరింత లోతుగా చూసినప్పుడు, మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారేనని, ఏ మందో తెలిసిన మరణాల్లో సగానికి పైగా మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండింటి వల్లనేనని తేలింది. బజారులో పదుల కొద్దీ పురుగుమందులు ఉండగా చావులు రెండింటి చుట్టూ పోగుపడటం సామాన్యమైన విషయం కాదు. శ్రీలంక ప్రభుత్వం 1995 నాటికి అత్యంత విషపూరితమైన తరగతి పురుగుమందులనూ, 1998లో ఎండోసల్ఫాన్‌నూ నిషేధించగా, 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. ఒక క్షణికావేశంలో చేతికందే వస్తువు ఎంత విషపూరితమైనదన్న దాని మీద ఇంతమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయన్నది వార్డు రిజిస్టరు చెప్పిన సత్యం. ఒక్కొక్క రోగి దగ్గర రాత్రంతా కాపలా కాసి బతికించగలిగిన వారికన్నా ఎన్నో రెట్ల మందిని ఆ కాగితాలు కాపాడగలవు. అయితే ఆ కాగితంలో ఏ మందో పేరు రాసి ఉంటేనే.

ఉద్దానం సంగతి కూడా ఇటువంటిదే. శ్రీకాకుళం తీరంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో, మధుమేహం గానీ ఎక్కువ బీపీ గానీ లేని కష్టజీవులకు మూత్రపిండాలు దెబ్బతింటున్న తీరు ముందుగా వైద్యుల కంటపడింది ఓపీల్లో, వార్డుల్లోనే. మామూలు మూత్రపిండ వ్యాధిలో కనిపించే కాళ్ల వాపు గానీ, మూత్రంలో ఎక్కువగా పోయే ప్రొటీన్ గానీ ఈ రోగుల్లో తొలి దశలో కనబడవు. రక్తంలో క్రియాటినిన్ చూసినప్పుడే బయటపడుతుంది, అప్పటికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. నీటిలోని సిలికా, ఎండలో చెమటోడ్చి నీరు తక్కువ తాగడం, వ్యవసాయ రసాయనాలు, ఇట్లా అనేక కారణాలను అనుమానించినా ఏదీ ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. ఈ సమస్యలో ఫిజీషియన్ పాత్రను చిన్నచూపు చూడకూడదు. ఒక్కరిలో చూస్తే అది కారణం తెలియని కిడ్నీ జబ్బు. నలుగురి కేస్ షీట్లలో ఊరి పేరు, వృత్తి, తాగునీటి బావి రాసిన వైద్యుల దగ్గరే అది ఒక ప్రాంతపు జబ్బుగా రూపు కట్టింది.

వార్డు దుఃఖం ప్రయోగశాలను నడిపించిన సందర్భం కూడా తెలుగువారికి దగ్గరిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. చిన్నపేగు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో రక్తహీనతతో మనిషి కృశించిపోయే ఆ జబ్బు ఆయననూ పట్టి వదిలింది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన ఆయన, లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించి, స్ప్రూలో ఉపయోగపడే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించారు. బోదకాలు క్రిమిని చంపే డైఇథైల్ కార్బమజైన్ కూడా 1947లో అక్కడినుంచే వెలువడింది. గోదావరి జిల్లాల ప్రతి ఫిజీషియనూ ఎన్నోసార్లు రాసిన మందు అది.

అమెరికాలో ఆస్పత్రి ఫిజీషియన్ అనే వృత్తి వేరే దారిలో రూపుదిద్దుకుంది. అక్కడ చాలాకాలం కుటుంబ వైద్యులే తమ రోగి ఆస్పత్రిలో చేరినప్పుడు ఉదయమో సాయంత్రమో వచ్చి చూసి వెళ్లేవారు. 1983లో మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా పథకం రోజుల లెక్కన కాకుండా జబ్బు లెక్కన ఆస్పత్రికి డబ్బు చెల్లించడం మొదలుపెట్టాక, రోగిని త్వరగా నిర్ధారించి త్వరగా ఇంటికి పంపవలసిన ఒత్తిడి పెరిగి, పగలంతా ఆస్పత్రిలోనే ఉండే వైద్యుల అవసరం ఏర్పడింది. 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో వారికి హాస్పిటలిస్ట్ అని పేరు పెట్టగా, ఇరవై ఏళ్లు తిరిగేసరికి వారి సంఖ్య 50 వేలు దాటింది. ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో చదివి వెళ్లిన వైద్యులు ఎందరో ఈ పనిలో ఉన్నారు. డాక్టర్లు దొరకని చిన్న ఊళ్లలో మూడేళ్లు పనిచేస్తే వీసా షరతు సడలించే 1994 నాటి చట్టం వారిలో చాలామందిని అటువంటి ఊళ్ల ఆస్పత్రులకు చేర్చింది. వారం రోజులు వరసగా పనిచేసి వారం సెలవు తీసుకునే ఆ పద్ధతిలో పెద్ద చిక్కు, రోగి ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారేటప్పుడు వస్తుంది. తొమ్మిది ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి తీవ్రత, కథ సారాంశం, చేయవలసిన పనులు, ఎదురుకాగల ప్రమాదాలు ఒక క్రమంలో అప్పగించడం నేర్పినప్పుడు వైద్య పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. మన యూనిట్ల రాత్రి డ్యూటీ మారేటప్పుడు జరిగే అప్పగింత చాలా చోట్ల నడవాలో నిలబడి చెప్పుకునే రెండు మాటలే. ఈ ఒక్క విషయంలో అక్కడి పద్ధతిని అరువు తెచ్చుకోవడానికి ఖర్చేమీ ఉండదు.

ఇక్కడి వార్డుకు వచ్చిన లోటు పరికరాల లోటు అని చాలామంది అనుకుంటారు. పరికరాలు కావలసినవే, ముఖ్యంగా వెంటిలేటర్లు. అంతకన్నా పెద్ద లోటు సమయం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు లక్షల మంది పేదలకు ఖరీదైన శస్త్రచికిత్సలు అందించడం నిస్సందేహంగా గొప్ప విషయం. అయితే నిర్ధారణ అయిన జబ్బుకూ, చేసిన ప్రక్రియకూ ప్యాకేజీ లెక్కన డబ్బు చెల్లించే విధానంలో, ఏ జబ్బో తెలియని జ్వరంతో వచ్చిన మనిషి దగ్గర ఒక ఫిజీషియన్ కూర్చున్న ముప్పావు గంటకు ఏ వరసలోనూ చోటు దొరకదు. శవపరీక్షల విషయంలో పరిస్థితి మరీ దిగజారింది. పోలీసు కేసులకు తప్ప వైద్య జ్ఞానం కోసం శవపరీక్ష చేయడం దాదాపు ఆగిపోయింది. కుటుంబాలు ఒప్పుకోవని చెప్పడం సులభమే గానీ, ఒప్పించే ప్రయత్నం ఎంతమంది చేస్తున్నారు? లెన్నెక్, ఆస్లర్ తమ తప్పులు చూసుకున్న అద్దం అది. దాని స్థానంలో కనీసం నెలకొకసారి, చనిపోయిన రోగుల కేస్ షీట్లను విభాగమంతా కూర్చుని చదివే మరణ సమీక్ష ప్రతి కళాశాలలోనూ నిష్ఠగా జరగాలి.

ఆ సమీక్షకు ముడిసరుకు మరణ కారణ ధ్రువపత్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆస్పత్రిలో జరిగిన ప్రతి మరణానికీ నాలుగవ నంబరు ఫారంలో వైద్యులు కారణం రాయాలి. ప్రాణం పోవడానికి నేరుగా కారణమైనది మొదటి వరసలో, దానికి దారితీసినది రెండో వరసలో, అన్నిటికీ మూలమైన జబ్బు అట్టడుగు వరసలో రాయాలి. దేశపు మరణ గణాంకాలు తయారయ్యేది ఆ అట్టడుగు వరసతోనే. అర్ధరాత్రి రెండు గంటలకు, మరో ముగ్గురు రోగులు ఎదురుచూస్తుండగా, హౌస్ సర్జన్ చేతికి ఆ ఫారం వచ్చినప్పుడు, గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల అని మొదటి వరసలో రాసి, మిగిలిన రెండూ ఖాళీ వదిలేయడం మామూలైపోయింది. గుండె ఆగకుండా చనిపోయేవారు ఎవరూ ఉండరు గనుక ఆ రాత వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. విషప్రయోగం అని రాసినా సరిపోదు. ఏ కంపెనీ డబ్బా అని కాకపోయినా ఏ రసాయనమో రాయాలి, ఇంటివారు తెచ్చిన సీసా మీది పేరు చూసి రాయాలి, సీసా తేకపోతే ఫోను చేయించి కనుక్కోవాలి. ఆ ఫారాన్ని మరునాడు ఉదయం రౌండ్సుకు ముందు యూనిట్ అధిపతి స్వయంగా చదివి, సంతకం పెట్టేముందు అట్టడుగు వరస నింపించడం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేని పని. తెలుగు ప్రాంతాల్లోని ప్రతి బోధనాస్పత్రిలోనూ జనరల్ మెడిసిన్ విభాగం ఆ పని రేపటి అడ్మిషన్ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.